బలహీన ఆమ్లం, బలమైన క్షారం టైట్రేషన్ లెక్కలు: ఏ దశలో ఏ సూత్రం వాడాలి?

ఎంపీసీ_ఫస్టియర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి సంవత్సరం, అయానిక సమతాస్థితి అధ్యాయంలో అభ్యాస లెక్కలు చేస్తున్నాను. ఒక్క ద్రావణం ఇచ్చి పీహెచ్ అడిగితే వచ్చేస్తోంది. రెండు ద్రావణాలు కలిపారంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. లెక్క ఇది:

50.0 మి.లీ. 0.100 మోలార్ ఎసిటిక్ ఆమ్లాన్ని 0.100 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తున్నారు. క్షారం 0, 10.0, 25.0, 50.0, 60.0 మి.లీ. చేర్చాక పీహెచ్ ఎంత? ఆమ్లం కేఏ (విఘటన స్థిరాంకం) = 1.8 × 10⁻⁵.

జవాబుల కీలో వరుసగా 2.87, 4.14, 4.74, 8.72, 11.96 ఇచ్చారు. 0 దగ్గర, 25 దగ్గర నా జవాబు కలిసింది. 10 మి.లీ. దగ్గర మళ్ళీ 4.74 వస్తోంది. రెండు ద్రావణాల గాఢతా 0.100 కదా అని హెండర్సన్ సమీకరణంలో (పీహెచ్ = పీకేఏ + లాగ్ (లవణం ÷ ఆమ్లం); పీకేఏ అంటే కేఏ రుణ లాగ్, ఇక్కడ 4.74) లాగ్ 1 వేశాను. 50 దగ్గర 8.87, 60 దగ్గర 12.22 వస్తున్నాయి. ఎక్కడ తేడా వస్తోంది? హెండర్సన్ ఎప్పుడు వాడాలి, జలవిశ్లేషణ సూత్రం ఎప్పుడు వాడాలి అన్నది చూడగానే ఎలా గుర్తుపట్టాలి?

ఇంకో సందేహం: బలహీన ఆమ్లాల లెక్కలో హారంలోని "సి మైనస్ ఎక్స్"లో (సి మొదటి గాఢత, ఎక్స్ విడిపోయిన భాగం) ఎక్స్‌ను వదిలేయవచ్చని ఎప్పుడు ధైర్యంగా అనుకోవచ్చు?

తుల్యతా_స్థానం

సూత్రం ఎంచుకోవడం రెండో పని అండీ. మొదటి పని, కలిపిన పాత్రలో చివరికి ఏం మిగిలిందో లెక్కగట్టడం. మీరు ఆ పని వదిలేసి నేరుగా సమతాస్థితిలోకి వెళ్ళారు. 10 మి.లీ. దగ్గర జవాబు అక్కడే తప్పింది, మిగతా రెండూ ఘనపరిమాణం దగ్గర తప్పాయి.

ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనదే, కానీ హైడ్రాక్సైడ్ అయాన్‌తో దాని చర్య బలహీనం కాదు. ఆ చర్య సమతాస్థితి స్థిరాంకం కేఏను నీటి అయానిక లబ్ధంతో భాగిస్తే వస్తుంది: 1.8 × 10⁻⁵ ÷ 1.0 × 10⁻¹⁴ = 1.8 × 10⁹. ఇంత పెద్ద స్థిరాంకం ఉంటే చర్య పూర్తిగా జరిగిపోయినట్టే లెక్క. అంటే ఇక్కడ ముందు చేయాల్సింది పరిమిత కారకం లెక్క. అందులో కేఏ, లాగ్ ఏమీ ఉండవు, ఉత్త తీసివేతే.

మి.లీ.ని మోలారిటీతో గుణిస్తే నేరుగా మిల్లీమోల్‌లు వస్తాయి. లీటర్లలోకి మార్చి సున్నాలు లెక్కపెట్టుకునే పని లేదు. మొదట ఉన్న ఆమ్లం 50.0 × 0.100 = 5.00 మిల్లీమోల్‌లు. ఈ సంఖ్య లెక్క అంతటా మారదు.

10.0 మి.లీ. క్షారం అంటే 1.00 మిల్లీమోల్ హైడ్రాక్సైడ్. అది మొత్తం ఖర్చవుతుంది. ఆమ్లం 4.00 మిగులుతుంది, ఎసిటేట్ 1.00 ఏర్పడుతుంది. ఆమ్లం, దాని సంయుగ్మ క్షారం రెండూ చెప్పుకోదగ్గ మోతాదులో పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఇది బఫర్. ఇప్పుడే హెండర్సన్ పనికొస్తుంది:

పీహెచ్ = 4.74 + లాగ్ (1.00 ÷ 4.00) = 4.74 − 0.60 = 4.14

మీరు నిష్పత్తిలో వేసినవి సీసాల మీద రాసిన గాఢతలు. వేయాల్సినవి చర్య తర్వాత మిగిలినవి. సోడియం హైడ్రాక్సైడ్ గాఢతకు హెండర్సన్ సమీకరణంలో అసలు చోటే లేదు. అక్కడ ఉండాల్సింది ఎసిటేట్. 25 మి.లీ. దగ్గర మీ జవాబు కీతో కలిసినా పద్ధతి అదే తప్పు పద్ధతి. అక్కడ ఆమ్లం 2.50, ఎసిటేట్ 2.50 మిగలడం వల్ల నిజమైన నిష్పత్తి కూడా 1 అయింది, తప్పు బయటపడలేదు. కీతో జవాబు కలిసిన లెక్కను కూడా ఒకసారి తిరగేసి చూడమనేది ఇందుకే.

హెండర్సన్‌లో మిల్లీమోల్‌లనే నేరుగా వేయవచ్చు. రెండూ ఒకే పాత్రలో ఉన్నాయి కాబట్టి ఘనపరిమాణం పైనా కిందా కొట్టుకుపోతుంది. ఈ వెసులుబాటు బఫర్ దశకే పరిమితం. మిగతా చోట్ల మొత్తం ఘనపరిమాణంతో భాగించి తీరాలి. మీ చివరి రెండు జవాబులు ఇక్కడే పోయాయి.

50.0 మి.లీ. దగ్గర ఆమ్లం 0, హైడ్రాక్సైడ్ 0, ఎసిటేట్ 5.00 మిల్లీమోల్‌లు. పాత్రలో ఉన్నది ఉత్త సోడియం ఎసిటేట్ ద్రావణం. ఘనపరిమాణం ఇప్పుడు 100 మి.లీ., గాఢత 0.0500 మోలార్. ఎసిటేట్ బలహీన క్షారం, దాని కేబీ (క్షార విఘటన స్థిరాంకం) = 1.0 × 10⁻¹⁴ ÷ 1.8 × 10⁻⁵ = 5.56 × 10⁻¹⁰.

హైడ్రాక్సైడ్ గాఢత = √(5.56 × 10⁻¹⁰ × 0.0500) = 5.27 × 10⁻⁶
పీఓహెచ్ = 5.28, పీహెచ్ = 8.72

మీరు 0.0500కి బదులు 0.100 వేశారు. అలా వేస్తే సరిగ్గా 8.87 వస్తుంది.

60.0 మి.లీ. దగ్గర క్షారం 6.00 మిల్లీమోల్‌లు, అందులో 5.00 ఖర్చయ్యాక 1.00 మిగులు. దాన్ని 60తో భాగించారు, అందుకే 12.22. పాత్రలో ముందు నుంచీ ఉన్న 50 మి.లీ. కూడా కలపాలి: 1.00 ÷ 110 = 9.09 × 10⁻³ మోలార్, పీఓహెచ్ 2.04, పీహెచ్ 11.96. ఎసిటేట్ కూడా కొంత హైడ్రాక్సైడ్ ఇస్తుంది కదా అనిపించవచ్చు. బలమైన క్షారం మిగిలి ఉన్నప్పుడు ఆ జలవిశ్లేషణ వెనక్కి నెట్టబడుతుంది, లెక్కలోకి రాదు.

ఇక చూడగానే గుర్తుపట్టడం గురించి. తీసివేత అయ్యాక పాత్రలోకి చూడండి. బలహీన ఆమ్లం ఒక్కటే ఉంటే కేఏతో వర్గమూలం. ఆమ్లం, దాని లవణం రెండూ ఉంటే హెండర్సన్. లవణం ఒక్కటే ఉంటే కేబీతో వర్గమూలం. బలమైన ఆమ్లం గానీ బలమైన క్షారం గానీ మిగిలి ఉంటే దాని గాఢతే జవాబు, మిగతావి పట్టించుకోనక్కరలేదు. "చేర్చారు", "కలిపారు" అన్న మాట ప్రశ్నలో కనబడితే తీసివేత లేకుండా ముందుకు వెళ్ళకండి.

హెండర్సన్ బఫర్ దశ అంతటా ఒకే రకంగా నమ్మదగినది కాదని కూడా తెలుసుకోవాలి. ఇదే టైట్రేషన్‌లో 1.00 మి.లీ. క్షారం దగ్గర చూడండి. ఆమ్లం 4.90, ఎసిటేట్ 0.10. హెండర్సన్ ప్రకారం 4.74 − 1.69 = 3.05. కానీ పీహెచ్ 3.05 అంటే హైడ్రోజన్ అయాన్ సుమారు 8.8 × 10⁻⁴ మోలార్. చర్య వల్ల వచ్చిన ఎసిటేట్ 0.10 ÷ 51 = 1.96 × 10⁻³ మాత్రమే. ఆమ్లం తనంతట తాను విడిపోయి ఇచ్చే ఎసిటేట్ దీనిలో దాదాపు సగం ఉంది. దాన్ని వదిలేస్తే లెక్క చెడుతుంది. ఆ ఎక్స్‌ను ఉంచి వర్గ సమీకరణం సాధిస్తే హైడ్రోజన్ అయాన్ 6.56 × 10⁻⁴, పీహెచ్ 3.18. తేడా 0.13. నిష్పత్తి 1:10 నుంచి 10:1 లోపల ఉండి, ద్రావణం మరీ పలచన కాకపోతే హెండర్సన్‌తో ఇబ్బంది ఉండదు.

కొన్ని లెక్కలు ఇస్తున్నాను, చేసి చూపండి. అమోనియా కేబీ కూడా 1.8 × 10⁻⁵ తీసుకోండి.

1. 25.0 మి.లీ. 0.200 మోలార్ అమోనియాకు 20.0 మి.లీ. 0.100 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపారు.
2. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ ఒక్కొక్కటి 0.200 మోలార్ ఉన్న 100 మి.లీ. బఫర్‌కు 10.0 మి.లీ. 0.500 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చారు.
3. అదే బఫర్‌కు 10.0 బదులు 40.0 మి.లీ. చేర్చారు.
4. 50.0 మి.లీ. చేర్చారు.
5. 1.0 × 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత?

లాగ్_పట్టిక

ఎక్స్‌ను వదిలేయడం గురించి అడిగారు కదా, దాని సంగతి చెప్తాను.

వాడుకలో ఉన్న హద్దు 5 శాతం. ముందు వదిలేసి లెక్క చేయండి, వచ్చిన ఎక్స్ మొదటి గాఢతలో 5 శాతం లోపు ఉంటే సరే. లెక్క మొదలుపెట్టకముందే తెలియాలంటే గాఢతను కేఏతో భాగించండి. 400 దాటితే వదిలేయవచ్చు. మీ లెక్కలో 0.100 ÷ 1.8 × 10⁻⁵ అంటే 5500కు పైనే, అందుకే 0 మి.లీ. దగ్గర √(1.8 × 10⁻⁶) = 1.34 × 10⁻³, పీహెచ్ 2.87 నిక్కచ్చిగా కలిసింది.

కలవని ఉదాహరణ: 0.010 మోలార్ క్లోరోఎసిటిక్ ఆమ్లం, కేఏ 1.4 × 10⁻³. భాగిస్తే సుమారు 7 వస్తుంది, ఇది ప్రమాద సూచన. వదిలేసి చేస్తే ఎక్స్ = √(1.4 × 10⁻⁵) = 3.74 × 10⁻³. అంటే ఆమ్లంలో 37 శాతం విడిపోయిందని మన లెక్కే చెబుతోంది, అదే సమయంలో హారంలో ఏమీ విడిపోలేదని రాశాం. రెండూ నిజం కావు. వర్గ సమీకరణం రాస్తే:

ఎక్స్² + 1.4 × 10⁻³ ఎక్స్ − 1.4 × 10⁻⁵ = 0
ఎక్స్ = 3.11 × 10⁻³, పీహెచ్ 2.51

వదిలేసి చేసినది 2.43. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఈ రెండూ పక్కపక్క ఆప్షన్లుగా ఇస్తారు.

వర్గ సమీకరణం రాయడం ఇష్టం లేకపోతే తిప్పి తిప్పి వేయవచ్చు. మొదటి ఎక్స్‌ను గాఢతలోంచి తీసేసి మళ్ళీ వర్గమూలం తీయండి: 3.74, తర్వాత 2.96, 3.14, 3.10, 3.11 (అన్నీ × 10⁻³). విలువ పైకీ కిందికీ ఊగుతూ నిలబడుతుంది. శాతం ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువసార్లు తిప్పాలి, అప్పుడు వర్గ సమీకరణమే త్వరగా అవుతుంది. 10 శాతం దరిదాపుల్లో ఉంటే మాత్రం రెండు తిప్పుళ్ళలో పని అయిపోతుంది.

క్యాలిక్యులేటర్ ఇవ్వని పరీక్షలకు మూడు లాగ్‌లు నోటికి రావాలి: 2కు 0.301, 3కు 0.477, 7కు 0.845. మిగతావి వీటిలోంచి పుడతాయి. 1.8 అంటే 18 ÷ 10, అంటే 2 × 3 × 3 ÷ 10. లాగ్ 0.301 + 0.954 − 1 = 0.255. కాబట్టి పీకేఏ 5 − 0.255 = 4.745. ఘాతం ఎంతో అంత నుంచి ముందున్న సంఖ్య లాగ్‌ను తీసేయాలి, కలపకూడదు. 1.8 × 10⁻⁵ పీకేఏ 5.26 అని రాసేవాళ్ళు ఈ గుర్తు దగ్గర పొరబడినవాళ్ళే. దాన్ని పట్టుకోవడం తేలిక: ముందున్న సంఖ్య 1 కన్నా పెద్దదైతే జవాబు ఘాతం కన్నా తక్కువే ఉండాలి.

సార్థక అంకెల విషయం. పీహెచ్‌లో దశాంశ బిందువు తర్వాతి అంకెలు మాత్రమే సార్థకం, ముందున్నది పది ఘాతాన్ని చెబుతుంది అంతే. కేఏ రెండు సార్థక అంకెల్లో ఇచ్చారు కాబట్టి పీహెచ్ రెండు దశాంశాల వరకే రాయాలి. 2.8724 అని రాస్తే లేని కచ్చితత్వం చూపించినట్టు. మధ్యలో మాత్రం గుండ్రం చేయకండి, చివర్లో ఒక్కసారి చేయండి.

ల్యాబ్_బెంచ్

పైవాళ్ళు కాగితం మీది లెక్క బాగా వివరించారు. ఇదే లెక్కను ప్రాక్టికల్స్‌కు అనుసంధానం చేసుకుంటే ఇంకా గట్టిపడుతుంది. ముఖ్యంగా సూచిక (రంగు మారి టైట్రేషన్ ముగింపు చూపే పదార్థం) ఎంపిక.

బ్యూరెట్ నుంచి పడే చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది. మీ టైట్రేషన్‌లోనే తుల్యతా స్థానానికి (ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయే 50.0 మి.లీ. దగ్గరకు) ఒక చుక్క ముందు, ఒక చుక్క తర్వాత పీహెచ్ లెక్కించండి. 49.95 మి.లీ. దగ్గర ఎసిటేట్ 4.995, ఆమ్లం 0.005, నిష్పత్తి 999, పీహెచ్ 7.74. 50.05 దగ్గర మిగులు క్షారం 0.005 మిల్లీమోల్, 100 మి.లీ.లో 5.0 × 10⁻⁵ మోలార్, పీహెచ్ 9.70. రెండు చుక్కల్లో 7.74 నుంచి 9.70కి దూకింది. ఫినాల్ఫ్తలీన్ రంగు మారే మేర దాదాపు 8.3 నుంచి 10, కాబట్టి ఈ దూకుడు మధ్యలోనే గులాబీ రంగు వచ్చేస్తుంది.

మిథైల్ ఆరెంజ్ వేస్తే ఏమవుతుంది? దాని మేర 3.1 నుంచి 4.4. పీహెచ్ 4.4 అంటే ఎసిటేట్‌కూ ఆమ్లానికీ నిష్పత్తి 0.45, అది 15.6 మి.లీ. దగ్గరే వచ్చేస్తుంది. 50 మి.లీ. రావాల్సిన చోట 15 దాటగానే పూర్తిగా పసుపు. పైగా ఒక్క చుక్కకు మారదు, మెల్లమెల్లగా మారుతుంది. మీ రీడింగులు ఒకదానితో ఒకటి కలవడం లేదంటే ముందు సూచిక సీసా చూడండి. ఇంకో మాట: ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కాసేపటికి వెలిసిపోతుంది. 30 సెకన్లు నిలబడిన మొదటి లేత గులాబీయే అంతిమ స్థానం. వెలిసిందని ఇంకా క్షారం పోస్తూ పోతే రీడింగ్ ఎక్కువొస్తుంది.

మిగిలినదేదో ముందు చూడమన్న సూత్రమే రెండు సూచికల లెక్కలకూ పనిచేస్తుంది. పరీక్షల్లో తరచూ వచ్చే రకం కాబట్టి ఒకటి చేసి చూపిస్తాను.

సోడియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బొనేట్ మిశ్రమ ద్రావణం 25.0 మి.లీ. తీసుకుని 0.100 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేశారు. ఫినాల్ఫ్తలీన్ రంగు పోయేసరికి బ్యూరెట్ రీడింగ్ 20.0. మిథైల్ ఆరెంజ్ వేసి కొనసాగిస్తే రంగు మారేసరికి రీడింగ్ 28.0. రెండూ ఎంతెంత?

ఫినాల్ఫ్తలీన్ రంగు పోయేటప్పటికి రెండు పనులు అయ్యాయి. హైడ్రాక్సైడ్ మొత్తం నీరయింది, కార్బొనేట్ బైకార్బొనేట్ అయి ఆగింది. అక్కడే ఆగడానికి కారణం, బైకార్బొనేట్ ద్రావణం పీహెచ్ కార్బొనిక్ ఆమ్లం రెండు పీకేఏల సగటు: (6.35 + 10.33) ÷ 2 = 8.34. అది సరిగ్గా ఫినాల్ఫ్తలీన్ రంగు పోయే చోటు. తర్వాతి 28.0 − 20.0 = 8.0 మి.లీ. ఆ బైకార్బొనేట్‌ను కార్బొనిక్ ఆమ్లంగా మార్చడానికి. బైకార్బొనేట్ ఎంతో మొదటి కార్బొనేట్ అంతే, కాబట్టి కార్బొనేట్ 8.0 × 0.100 = 0.80 మిల్లీమోల్. మొదటి 20.0లో కూడా 8.0 కార్బొనేట్ తినేసింది, మిగతా 12.0 హైడ్రాక్సైడ్‌ది, అంటే 1.20 మిల్లీమోల్‌లు. 25.0తో భాగిస్తే కార్బొనేట్ 0.032 మోలార్ (106తో గుణిస్తే లీటరుకు 3.39 గ్రా.), హైడ్రాక్సైడ్ 0.048 మోలార్ (40తో గుణిస్తే 1.92 గ్రా.).

ఇక్కడ ప్రశ్న భాష జాగ్రత్తగా చదవాలి. "మరో 8.0 మి.లీ. పట్టింది" అన్నా, "రీడింగ్ 28.0" అన్నా ఒకే లెక్క. 28.0నే రెండో దశ ఘనపరిమాణంగా తీసుకుంటే హైడ్రాక్సైడ్ 20 − 28 = −8 అవుతుంది. రుణసంఖ్య వచ్చిందంటే ప్రశ్న తప్పని అనుకోకండి, ఒకసారి వెనక్కి వెళ్ళి రీడింగ్ ఎక్కడి నుంచి మొదలైందో చూడండి. నిజంగానే రెండో దశలో ఎక్కువ పడితే ఆ మిశ్రమం కార్బొనేట్, బైకార్బొనేట్‌లది. హైడ్రాక్సైడ్, బైకార్బొనేట్ రెండూ ఒకే ద్రావణంలో చెప్పుకోదగ్గ మోతాదులో కలిసి ఉండవు, కలవగానే కార్బొనేట్ అయిపోతాయి.

నార్మాలిటీలో చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. సోడియం కార్బొనేట్ తుల్యాంక భారం 53 అని కంఠస్థం ఉంటుంది. అది మిథైల్ ఆరెంజ్ వరకు, అంటే రెండు ప్రోటాన్లు తీసుకున్నప్పుడే. ఫినాల్ఫ్తలీన్ వరకే అయితే ఒక్క ప్రోటాన్, తుల్యాంక భారం 106. 53 వేసేసి జవాబు సగం చేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. తికమకగా ఉంటే మిల్లీమోల్‌లలో చేసి చివర్లో మార్చుకోండి.

స్ఫటిక జలం కూడా మరచిపోకూడదు. 250 మి.లీ. 0.1 నార్మల్ ఆక్జాలిక్ ఆమ్లం తయారుచేయాలంటే సీసాలో ఉండేది సాధారణంగా రెండు నీటి అణువులున్న స్ఫటికం, అణుభారం 126, తుల్యాంక భారం 63. తూచాల్సింది 63 × 0.1 × 0.250 = 1.575 గ్రా. నిర్జల ఆమ్లం అనుకుని 45తో లెక్కేసి 1.125 గ్రా. తూస్తే ద్రావణం 0.0714 నార్మల్ అవుతుంది. దానితో ప్రమాణీకరించిన క్షారం, ఆ క్షారంతో కొలిచిన ఆమ్లం, అన్నీ వరుసగా తప్పుతాయి.

ఎంపీసీ_ఫస్టియర్

చాలా ధన్యవాదాలు. ముందు తీసివేత చేశాక లెక్కలు సాఫీగా కదులుతున్నాయి. ఇచ్చినవి చేశాను:

మొదటిది: అమోనియా 5.00, ఆమ్లం 2.00 మిల్లీమోల్‌లు. మిగిలిన అమోనియా 3.00, అమోనియం 2.00. 4.74 + లాగ్ (3.00 ÷ 2.00) = 4.92. అమోనియా ఎక్కువున్న ద్రావణం పీహెచ్ 7 కన్నా తక్కువ రావడం ఎందుకో సరిగా లేదనిపిస్తోంది.

రెండోది: ఆమ్లం 25.0, ఎసిటేట్ 15.0. 4.74 − 0.22 = 4.52.

మూడోది: ఎసిటేట్ మొత్తం అయిపోయింది, ఆమ్లం 40.0 మిల్లీమోల్‌లు 140 మి.లీ.లో, 0.286 మోలార్. వర్గమూలం తీస్తే 2.27 × 10⁻³, పీహెచ్ 2.64.

నాలుగోది: 5.0 మిల్లీమోల్‌ల బలమైన ఆమ్లం మిగిలింది, 150తో భాగిస్తే 0.0333, పీహెచ్ 1.48. దీనితోపాటు 40.0 మిల్లీమోల్‌ల ఎసిటిక్ ఆమ్లం కూడా ఉంది కదా, దాని వాటా కలపకపోవడం సరైనదేనా?

ఐదోది: 8.00 వస్తోంది. ఆమ్లం కదా, క్షారగుణం రాకూడదు. నీటి నుంచి వచ్చే 1.0 × 10⁻⁷ కూడా కలిపితే 1.1 × 10⁻⁷, పీహెచ్ 6.96. ఇది సరేనా?

తుల్యతా_స్థానం

రెండు, మూడు సరిగ్గా ఉన్నాయి. రెండోదాని విలువ తెలియాలంటే అదే 10 మి.లీ. ఆమ్లాన్ని 100 మి.లీ. ఉత్త నీటిలో పోసి చూడండి: 5.0 ÷ 110 = 0.0455 మోలార్, పీహెచ్ 1.34. బఫర్‌లో 4.74 నుంచి 4.52కు దిగింది, నీటిలో 7 నుంచి 1.34కు. మూడోదానికి వచ్చేసరికి ఎసిటేట్ నిల్వ సరిగ్గా అయిపోయింది, అక్కడి నుంచి బఫర్ అన్న మాటే లేదు. బఫర్ ఎంత తట్టుకుంటుందన్నది పీహెచ్‌ను చూస్తే తెలియదు, అందులోని మిల్లీమోల్‌లను చూస్తేనే తెలుస్తుంది.

మొదటిదానిలో మీ అనుమానం నిజమే. తీసివేత సరిగా చేశారు, స్థిరాంకం మాత్రం తప్పుది వేశారు. 4.74 అమోనియా పీకేబీ. హెండర్సన్‌లో పీహెచ్ అని రాస్తే పక్కన అమోనియం పీకేఏ ఉండాలి: 14 − 4.74 = 9.26. 9.26 + 0.18, గుండ్రం చేయకుండా చేస్తే 9.43. పీకేబీతోనే చేయాలనుకుంటే పీఓహెచ్ = 4.74 + లాగ్ (2.00 ÷ 3.00), నిష్పత్తి కూడా తిరగబడాలి. పీఓహెచ్ 4.57, పీహెచ్ 9.43. నా సలహా, ఎప్పుడూ పీకేఏతోనే, క్షార రూపం పైన ఆమ్ల రూపం కింద పెట్టి ఒకే సమీకరణం వాడండి. రెండు రూపాలు గుర్తుంచుకుంటే పరీక్షలో రెండూ కలిసిపోతాయి.

ఐదోదానిలో నీటి వాటా గుర్తించడం బాగుంది, కానీ 1.0 × 10⁻⁷ అనేది శుద్ధ నీటిలో మాట. బయటి నుంచి ఆమ్లం వస్తే నీటి విఘటనం కాస్త తగ్గుతుంది. నీటి వాటాను ఎక్స్ అనుకోండి. హైడ్రాక్సైడ్ ఎక్స్, హైడ్రోజన్ అయాన్ 1.0 × 10⁻⁸ + ఎక్స్, లబ్ధం 1.0 × 10⁻¹⁴. సాధిస్తే ఎక్స్ 0.95 × 10⁻⁷, మొత్తం హైడ్రోజన్ అయాన్ 1.05 × 10⁻⁷, పీహెచ్ 6.98. బలమైన ఆమ్లం 10⁻⁶ మోలార్ కన్నా పలచనైతేనే ఈ జాగ్రత్త కావాలి. 10⁻⁶ దగ్గర నీటి వాటా 1 శాతమే.

నాలుగోదానికి కూడా అలాగే పరీక్షించండి. ఎసిటిక్ ఆమ్లం 40.0 ÷ 150 = 0.267 మోలార్. హైడ్రోజన్ అయాన్ ఇప్పటికే 0.0333 ఉంది కాబట్టి ఎసిటిక్ ఆమ్లం వాటా 1.8 × 10⁻⁵ × 0.267 ÷ 0.0333 = 1.4 × 10⁻⁴. ఇది 0.0333లో 0.4 శాతం. కలిపితే 0.0335, పీహెచ్ 1.48గానే ఉంటుంది. వదిలేయడం సరైనదే.

ల్యాబ్_బెంచ్

బఫర్ తయారీ లెక్క ఒకటి చేర్చుకోండి, ప్రాక్టికల్ వైవాలో అడుగుతారు. పీహెచ్ 5.00 ఉండే ఎసిటేట్ బఫర్ 500 మి.లీ. కావాలి, ఆమ్లం, లవణం కలిపి 0.100 మోలార్.

లాగ్ నిష్పత్తి 5.00 − 4.745 = 0.255, అంటే నిష్పత్తి 1.80. మొత్తం 50.0 మిల్లీమోల్‌లను 1.80కి 1 చొప్పున పంచితే ఎసిటేట్ 32.1, ఆమ్లం 17.9. సోడియం ఎసిటేట్ మూడు నీటి అణువులున్న స్ఫటికమైతే (136) 4.37 గ్రా., నిర్జలమైతే (82) 2.63 గ్రా. స్ఫటికాన్ని నిర్జలం లెక్కలో 2.63 గ్రా. తూస్తే ఎసిటేట్ 19.3 మిల్లీమోల్‌లే పడుతుంది, పీహెచ్ 5.00 బదులు 4.78 వస్తుంది. సీసా లేబుల్ మీద అణుభారం చూశాకే తూకం మొదలుపెట్టండి.

లవణం లేకపోతే 50.0 మిల్లీమోల్‌ల ఎసిటిక్ ఆమ్లానికి 32.1 మి.లీ. 1.00 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి 500కు నింపవచ్చు. ఎందుకు అదే బఫర్ అవుతుందో మీ టైట్రేషన్ లెక్కలోనే ఉంది. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం సుమారు 17.4 మోలార్, 50.0 మిల్లీమోల్‌లకు 2.87 మి.లీ. సరిపోతుంది. దాన్ని ఫ్యూమ్ హుడ్‌లో, చేతి తొడుగులతో, పిపెట్ బల్బుతో తీయాలి. నోటితో పీల్చకూడదు. ఫ్లాస్కులో ముందు 300 మి.లీ. దాకా నీరు పోసి, తర్వాత ఆమ్లం, ఆ తర్వాత క్షారం చేర్చి కలిపి, గది ఉష్ణోగ్రతకు చల్లారాకే 500 గీత వరకు నింపండి. తటస్థీకరణలో వేడి పుడుతుంది, వేడిగా ఉండగా గీతకు నింపితే చల్లారాక మట్టం కిందికి దిగుతుంది.

ఎంపీసీ_ఫస్టియర్

5.00కు బదులు 4.40 పీహెచ్ బఫర్‌కు చేసి చూశాను: నిష్పత్తి 0.452, ఎసిటేట్ 15.6, ఆమ్లం 34.4 మిల్లీమోల్‌లు. క్షారం పద్ధతిలో అయితే 15.6 మి.లీ. పైన మిథైల్ ఆరెంజ్ దగ్గర వచ్చిన సంఖ్యే మళ్ళీ వచ్చింది.

ల్యాబ్_బెంచ్

రావాల్సిందే. అక్కడ 5.00 మిల్లీమోల్‌ల ఆమ్లానికి 0.100 మోలార్ క్షారం, ఇక్కడ 50.0 మిల్లీమోల్‌లకు 1.00 మోలార్. రెండింట్లోనూ ఆమ్లంలో 31 శాతం ఎసిటేట్‌గా మారింది.